సమాధుల తోట కింది ఇసుక

నాన్నను సమాధి చేసిన రోజున గొయ్యి తవ్వినవాళ్ళు, అడుగున ఇసుక తగిలిందని ఊపిరి పీల్చుకున్నారు. పైన మోకాలి లోతు వరకే గట్టి మట్టి. దాని కిందంతా పొడి ఇసుక, పార వేస్తే పంచదారలా జారిపోయేది. "మంచి జాగా. నీరు నిలవదు" అని ఎవరో అన్నారు. నేనప్పుడు ఇంటర్మీడియట్ చదువుతున్నాను. ఆ మాట నాకు ఓదార్పుగానే వినిపించింది. ఎంత వాన కురిసినా నాన్న తడవడు అనుకున్నాను.

మా పేట అనకాపల్లి నుంచి ఆటోలో వచ్చేంత దూరంలో, శారదా నది గట్టున ఉంటుంది. అన్నీ క్రైస్తవ కుటుంబాలే. మగవాళ్ళు చెరుకు కొట్టడానికి, బెల్లం వండడానికి, టౌనులో తాపీ పనికి వెళ్ళేవారు. పేట మధ్యలో పెంకుల కప్పుతో పాత చర్చి. పేట చివర, గట్టు మీద సమాధుల తోట. తోటని పేరే గాని అందులో చెట్లు తక్కువ, సున్నం వేసిన సమాధులు, చెక్క సిలువలు, మధ్యలో తుమ్మ మొక్కలు. గట్టు దిగితే ఏరు.

అమ్మ వేసవిలో ఏట్లోనే పంట పండించేది. నీళ్ళు తగ్గి ఇసుక తేలగానే గుంటలు తీసి, పెంట వేసి, గుమ్మడి, దోస పాదులు పెట్టేది. తడపడానికి పక్కనే చెలమ. చేత్తో ఇసుక తోడితే చాలు, మోచేతి లోతులో నీరు ఊరేది. కాసేపు ఆగితే తేటపడేది. మేము తాగేదీ ఆ నీళ్ళే. టౌనులో కొళాయి నీళ్ళు తాగినప్పుడల్లా నాకు ఏదో తక్కువైనట్టు ఉండేది.

ఇసుక అంతకు ముందు కూడా తీసేవారు. ఎవరైనా ఇల్లు కట్టుకుంటే ఎడ్లబండి ఏట్లోకి దింపి, పారలతో ఎత్తి, సాయంత్రానికి ఒకటో రెండో బళ్ళు తోలుకునేవారు. వర్షాకాలం వచ్చి పోయేసరికి ఆ గుంత ఎక్కడుందో ఎవరికీ తెలిసేది కాదు.

నేను డిగ్రీ పూర్తి చేసి టౌనులో ఒక చిన్న స్కూల్లో టీచరుగా చేరిన కాలంలో, మా సమాధుల తోటకు కాస్త దిగువన ఇసుక ర్యాంపు తెరిచారు. హైవే మీద కొత్త కొత్త కట్టడాలు లేస్తున్న రోజులవి. గట్టును కోసి, ట్రాక్టర్లు ఏట్లోకి దిగేలా ఏటవాలుగా దారి వేశారు. వేలంలో దాన్ని పాడుకున్న కాంట్రాక్టరు ఎక్కడివాడో మాకు తెలియదు. మా పేట మగవాళ్ళలో సగం మందికి అందులో పని దొరికింది. మా అన్నయ్యకు ట్రాక్టరు తోలే పని. పది తప్పి ఖాళీగా తిరుగుతున్నవాడు, ఒక్కసారిగా తెల్లవారక ముందే లేచి వెళ్ళిపోయే మనిషయ్యాడు. మొదటి జీతం అందుకున్న రోజు మాడుగుల హల్వా పొట్లం తెచ్చి అమ్మ చేతిలో పెట్టాడు. అమ్మ అది పేటంతా పంచింది.

ఒక ఆదివారం ఆరాధన ముగిసే వేళకు కాంట్రాక్టరు చర్చికి వచ్చాడు. బూట్లు బయట విప్పి, తెల్ల చొక్కా సర్దుకుంటూ వెనక వరసలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. చివరి ప్రార్థన అయ్యాక ముందుకు వచ్చి పాస్టరు గారికి నమస్కారం పెట్టాడు.

"అయ్యగారూ, కొత్త గుడి కడదామనుకుంటున్నారట. ఇసుక సంగతి నాకు వదిలేయండి. సమాధుల తోటకి గోడ లేదు కదా, అది కూడా కట్టించేస్తాను. మీ పెద్దవాళ్ళంతా పడుకున్న చోటు, పశువులు తొక్కితే బాగుంటుందా?"

పాస్టరు గారు చాలా మంచి మనిషి. పెంకుల్లోంచి వాన కారుతుంటే గొడుగు కింద ప్రసంగం చేసిన మనిషి. ఆయన కళ్ళు చెమర్చాయి. సంఘపెద్దలు చప్పట్లు కొట్టారు. అతని తల మీద చెయ్యి పెట్టి పాస్టరు గారు అక్కడికక్కడే ప్రార్థన చేశారు.

అందరూ బయటికి వస్తుంటే అమ్మ అతన్ని అడిగింది. "బాబూ, గుడికి ఇసక ఎక్కడ్నించి తెత్తారు?"

అతను నవ్వాడు. "ఎక్కడిదేంటమ్మా, మీ ఏట్లోదే."

అమ్మ నవ్వలేదు. ఇంటికి వచ్చాక పొయ్యి ముట్టిస్తూ, "మనది మనకే దానం సేత్తన్నాడు" అంది.

కొత్త గుడి పని మొదలైంది. తోటకు గోడ కూడా నిజంగానే లేచింది. ఏటి వైపున ఎత్తుగా, ఇటుకలతో, సున్నంతో. చూడ్డానికి బాగుండేది. మా వాళ్ళు సాయంత్రాలు దాని నీడలో కూర్చుని కబుర్లు చెప్పుకునేవారు. ఆ గోడ కట్టాక గట్టు కింద ఏం జరుగుతోందో తోటలో నిలబడినవాళ్ళకు కనబడేది కాదు. చప్పుడు మాత్రం వినబడేది.

మొదట్లో పారలు పట్టిన కూలీలే ఎత్తేవారు. తర్వాత ఒక పెద్ద యంత్రం దిగింది. అది దిగిన రోజు నుంచి తీతువు పిట్టలు ఏటి మీద అరుస్తూ తిరిగాయి. పొద్దున్న, మధ్యాహ్నం, సాయంత్రం ఒకటే అరుపు. పేటలో ముసలివాళ్ళు భయపడ్డారు. తీతువు అరిస్తే ఇంట్లో ఎవరో ఒకరు పోతారని మా వైపు నమ్మకం. క్రైస్తవులమైనా ఆ నమ్మకం మమ్మల్ని వదలలేదు. అమ్మ మాత్రం, "దాని గుడ్లు ఇసకలో ఉంతాయి. ఆ ఇసక లారీలో ఎలిపోనాది. మరి అరవదేటి?" అంది. కొన్నాళ్ళకు అరుపులు ఆగిపోయాయి. ఆగిపోయాకే నాకు ఎక్కువ భయం వేసింది.

ఆ వేసవిలో అమ్మ చెలమ తీస్తే మోచేతి లోతులో నీరు రాలేదు. భుజం దాకా చెయ్యి దించింది. రాలేదు. పార తీసుకుని నడుం లోతు తవ్వింది. అప్పుడు ఊరిన నీరు తేటపడలేదు, బురద వాసన కొట్టింది. పాదులు పిందె దశలోనే వాడిపోయాయి. మరుసటి ఏడు ఆమె పాదులు పెట్టనే లేదు. పెట్టడానికి ఇసుక మేట కూడా లేదు. అక్కడ నల్లటి బంకమట్టి తేలింది. ఎండకు అది పెచ్చులు పెచ్చులుగా లేచి, కాలు పెడితే కోసుకునేది.

పేట బోరుకు కూడా నీరందేది కాదు. టౌనులో మోటార్ల షాపు ఉన్న సాయిబు గారు వచ్చి పైపు ఇంకా లోతుకు దింపి వెళ్ళేవారు. నెమ్మదైన మనిషి, పని చేస్తున్నంతసేపూ ఏదో గొణుక్కుంటూ ఉండేవారు. మొదటిసారి వచ్చినప్పుడు ఒక్క పైపు. తరవాతి వేసవికి మళ్ళీ పిలిపించాం. ఆ తరవాత మళ్ళీ. మూడోసారి పైపు బిగించి, చేతులు తుడుచుకుంటూ అమ్మతో అన్నారు.

"అక్కా, ఒక్క మీ పేటే కాదు. ఏటి పొడుగునా ఇదే పని నాకు. కిందికి దింపుతూనే ఉన్నాను."

"నీకు బేరం బాగున్నట్టే కదేటి, తమ్ముడూ."

"బేరమే. కానీ ఇదేం బేరమక్కా? ఇంకెంత దింపగలను? కింద రాయి వచ్చేస్తాది."

ఆయన వెళ్ళాక అమ్మ బోరు పక్కనే చాలాసేపు నిలబడింది. మోటారు వేస్తే నీటికి ముందు గాలి వచ్చేది, ఎవరో లోపల దగ్గుతున్నట్టు.

ఈస్టరు తెల్లవారుజామున మేమంతా సమాధుల తోటకు వెళతాం. ముందు రోజే సమాధులకు సున్నం వేస్తాం. చీకటితోనే పాటలు పాడుకుంటూ వెళ్ళి, ఎవరి వాళ్ళ దగ్గర వాళ్ళు కొవ్వొత్తులు వెలిగించి, సూర్యుడు వచ్చేదాకా ఆరాధన చేసుకుంటాం. ఆ ఏడు మేము నాన్న సమాధి దగ్గర కొవ్వొత్తులు పెడుతుంటే ముందు వరసలోంచి ఒకావిడ "ఓలమ్మో" అని అరిచింది. ఆవిడ నిలబెట్టిన కొవ్వొత్తి ఒరిగి, నేలలోకి జారిపోయింది. అందరం వెళ్ళి చూశాం. గోడకూ మొదటి వరస సమాధులకూ మధ్య నేల పొడుగ్గా చీలి ఉంది. అరచెయ్యి పట్టేంత సందు. లోపల ఎక్కడో ఆ కొవ్వొత్తి ఇంకా వెలుగుతోంది. ఆ వెలుగులో ఇసుక గోడలు సన్నగా రాలడం కనబడింది. తరవాత ఆరిపోయింది.

పాటలు ఆగిపోయాయి. పాస్టరు గారు కాసేపటికి తేరుకుని మళ్ళీ అందుకున్నారు.

ఆరాధన అయ్యాక అమ్మ ఆయన దగ్గరికి వెళ్ళింది. "అయ్యగారూ, నేల ఇచ్చుకుపోతంది. కింద ఇసక తీసీడం ఆపమని మీరు సెప్పండి. మీ మాట ఇంటాడు ఆ బాబు."

"ఎండలకి నెర్రె ఇచ్చిందమ్మా. వానలు పడితే అదే మూసుకుంటుంది" అన్నారాయన. అంటూ గోడ వైపు చూశారు. ఆ చూపులో ఆయన మాట మీద ఆయనకే నమ్మకం కనబడలేదు.

కబురు కాంట్రాక్టరుకు చేరింది. నెర్రె పూడ్చమని ఒక ట్రాక్టరు ఇసుక పంపాడు. తోలుకొచ్చింది మా అన్నయ్యే. సాయంత్రం దాకా పారతో నింపి, పైన నీళ్ళు చల్లి, చదును చేశాడు. మరునాడు పొద్దున్న చూస్తే ఆ ఇసుక లేదు. కిందికి దిగిపోయింది. సందు రెండు అరచేతులంత అయింది.

ఆ రోజు మా ఇంట్లో పెద్ద గొడవ జరిగింది. అన్నయ్య అన్నానికి కూర్చున్నాడు. అమ్మ వడ్డించలేదు.

"రేపట్నించి బండి ఎక్కకు" అంది.

"నాను మానేత్తే ఇసక ఆగిపోద్దేటి? ఇంకోడొత్తాడు."

"ఇంకోడొత్తాడు. ఆడు నా కొడుకు కాడు."

"అమ్మా, నీకు తెల్దు. అన్ని కాగితాలూ ఉన్నాయంట. గవర్నమెంటే ఇచ్చినాదంట."

"మీ నాన్న ఆడ తొంగున్నాడు. ఆయనకి సూపించు ఆ కాగితాలు."

అన్నయ్య కంచం ముందు నుంచి లేచి వెళ్ళిపోయాడు. నేను వాళ్ళిద్దరి మధ్యా నిలబడి ఎవరి వైపూ మాట్లాడలేకపోయాను. అన్నయ్య చేసింది తప్పని తెలుసు. కానీ అతను ఖాళీగా తిరిగిన రోజుల్లో రోడ్డు మీద తల దించుకుని నడవడం కూడా నాకు తెలుసు.

అమ్మ ఊరుకోలేదు. పేటలో ఆడవాళ్ళను కొంతమందిని పోగేసింది. నా చేత అర్జీ రాయించుకుని, అందరూ కలిసి టౌనులో ఆఫీసుకు వెళ్ళి ఇచ్చి వచ్చారు. అది ఎవరి బల్ల మీద ఆగిందో గాని, సంగతి మాత్రం కాంట్రాక్టరుకు తెలిసిపోయింది. అతని మనిషి ఒకడు ఆదివారం మధ్యాహ్నం మా ఇంటికి వచ్చాడు. అరుగు మీద మంచం వాల్చమని తనే అడిగి కూర్చున్నాడు. టీ ఇచ్చాను. గ్లాసు రెండు చేతులా పట్టుకుని, వేడి ఊదుకుంటూ చాలా మర్యాదగా మాట్లాడాడు.

"మీ అబ్బాయి మంచి పనోడమ్మా. మా ఓనరు గారికి ఇష్టం. పొద్దున్నా సాయంత్రం ఏట్లో తిరిగేవాడు కదా, అదే నా బెంగ. ఏటి దారి అస్సలు మంచిది కాదు."

అమ్మ అతని చేతిలో గ్లాసు ఖాళీ అయ్యేదాకా ఆగింది. తీసుకుని, కడిగి, బోర్లించింది. అతను వెళ్ళిపోయాక వీధి తలుపు గడియ పెట్టింది.

వర్షాకాలం మామూలుగానే మొదలైంది. తరవాత వాయుగుండం పట్టింది. వాన ఆగకుండా కురిసింది. స్కూలుకు సెలవిచ్చారు. మూడోనాటి పొద్దున్న వాన కాస్త తెరిపి ఇచ్చినప్పుడు ఏటి వైపు నుంచి ఎన్నడూ వినని మోత వచ్చింది. ఏటి అడుగున బండలు దొర్లుతున్నట్టు. వరద మాకు కొత్త కాదు. ఎప్పుడు వచ్చినా విశాలంగా పరుచుకుని, నెమ్మదిగా ఎక్కి, నెమ్మదిగా దిగేది. ఈసారి నీరు పరుచుకోలేదు. ఇసుక తోడిన గోతిలోకి నేరుగా దూకి, సుడి తిరిగి, మా గట్టును అడుగు నుంచి తొలుస్తోంది.

గొడుగులు, గోనెపట్టాలు కప్పుకుని పేటంతా సమాధుల తోటకు పరుగెత్తింది. పాస్టరు గారు చేతులు చాచి ఎవరినీ గోడ దగ్గరికి వెళ్ళనివ్వలేదు. గోడ నిటారుగానే ఉంది. చెక్కు చెదరలేదు. కానీ దాని పునాది కింద నుంచి అవతలి వెలుగు కనబడుతోంది. గోడ గాలి మీద నిలబడి ఉంది. అది విరగలేదు, పగలలేదు. ఉన్నది ఉన్నట్టుగా వెనక్కి వాలి, కనబడకుండా పోయింది. ఆ తరవాతే శబ్దం వచ్చింది.

దాని వెనక మొదటి వరస వెళ్ళింది. ఒక్కసారిగా కాదు, ఒక్కొక్కటిగా. నెర్రె దగ్గర నేల కుంగేది, సమాధి పక్కకు ఒరిగేది, సున్నపు తెలుపు బురద నీళ్ళలో ఒక్క క్షణం మెరిసేది. ఆడవాళ్ళు పోయినవాళ్ళను వరస పెట్టి పిలుస్తూ ఏడ్చారు. "మావా", "అమ్మా", "ఓలప్పా" అని. ఆ ఏడాదే భర్తను పోగొట్టుకున్న ముసలావిడ ఒకావిడ నీళ్ళ వైపు నడిచేస్తుంటే అన్నయ్య వెళ్ళి పట్టుకున్నాడు. ఆవిడ అతన్ని చూసి, "నువ్వేరా, నువ్వే తీసుకెళ్ళేవురా" అంటూ గుండెల మీద కొట్టింది. అన్నయ్య వదిలిపెట్టలేదు. కొట్టనిచ్చాడు. పాస్టరు గారు ఒక పాట మొదలుపెట్టి, రెండో చరణం దగ్గర ఆపేశారు. ఆ పాట ఇంకెవరూ అందుకోలేదు.

నీరు తీసేసరికి రెండు వరసలు పోయాయి. నాన్న సమాధి మూడో వరసలో ఉండేది. ఇప్పుడు అదే ముందు వరస. దాని కాళ్ళ వైపు అంచు కింద ఖాళీ. దిగువ ఊరి వాళ్ళు చెక్క సిలువలు కొన్ని రెల్లుదుబ్బుల్లో చిక్కుకుంటే తట్టల్లో పెట్టి తెచ్చి ఇచ్చారు. ఏ సిలువ ఎవరిదో తెలియలేదు. సిలువలతో పాటు గుడ్డలో కట్టి తెచ్చిన మూటలు కూడా కొన్ని ఉన్నాయి. వాటిని పాస్టరు గారే తీసుకున్నారు. ఎవరినీ విప్పనివ్వలేదు.

నాన్నను రోడ్డు వైపు చోటుకు మార్చాలని అమ్మ చెప్పింది. తవ్వేవాళ్ళను పిలుస్తామంటే అన్నయ్య ఒప్పుకోలేదు. "నానే తవ్వుతాను" అన్నాడు.

ఆ పొద్దు నాకు ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది. ఎండ కాస్తోంది. ఆకాశం కడిగినట్టు ఉంది. అన్నయ్య సమాధి కప్పు తొలగించి గోతిలోకి దిగాడు. పై మట్టి అయిపోయాక ఇసుక వచ్చింది. ఎంత ఎత్తి పోసినా పక్కల నుంచి జారి మళ్ళీ నిండుతోంది. అతను తవ్వుతూనే ఉన్నాడు. చివరికి పార పక్కన పెట్టి చేతులతో తీయడం మొదలుపెట్టాడు. నాన్న బెల్టు బకిల్ మొదట దొరికింది. అది తుడిచి పైకి అందించాడు. నేను అందుకున్నాను. తరవాత దొరికినవన్నీ అమ్మ కొత్త దుప్పటిలో పెట్టుకుంది. ఒక్కొక్కటి అందుకున్నప్పుడల్లా కొంగుతో ఇసుక దులిపేది, పసిపిల్లను తుడిచినట్టు.

అంతా అయ్యాక అన్నయ్య పైకి రాలేదు. గోతిలోనే మోకాళ్ళ మీద కూర్చుండిపోయాడు. ఇసుక సన్నగా అతని వీపు మీద, తల మీద రాలుతోంది. గట్టు అంచు ఎక్కువ దూరంలో లేదు.

అమ్మ దుప్పటి మూట ఒళ్ళో పెట్టుకుని వంగి చూసింది. "పైకి రా నాన్నా. అది నీ గొయ్యి కాదు" అంది.

అప్పుడు ఏడ్చాడు అన్నయ్య. చెయ్యి ఇచ్చి నేనూ పాస్టరు గారూ పైకి లాగాం.

ఏరు పూర్తిగా శాంతించగానే ర్యాంపు మళ్ళీ తెరిచారు. ఏమీ జరగనట్టే ట్రాక్టర్లు వరసగా వచ్చాయి. ఆ పొద్దున్న అమ్మ అంబలి ముంత పట్టుకుని వెళ్ళి ర్యాంపు దారికి అడ్డంగా కూర్చుంది. ఆమె వెనక ఇంకొందరు ఆడవాళ్ళు. వాళ్ళలో అన్నయ్యను కొట్టిన ముసలావిడ కూడా ఉంది. నేను స్కూలుకు కబురు పంపి అక్కడే ఉండిపోయాను.

ముందు ట్రాక్టరు తోలుతున్నది మా పేట కుర్రాడే. అమ్మకు మేనల్లుడి వరస.

"అత్తా, లెగు. నాకు కిరాయి పోతాది."

"పోనీరా."

"ఓనరు నన్ను తీసీస్తాడు."

"మీ తాతని ఏరు తీసీసినాది. ఆ సంగతి సూడు ముందు."

వాడు ఇంజను ఆపి, దిగి, చెట్టు కింద కూర్చున్నాడు. వాడి వెనక బయటి ఊరి లారీ ఉంది. దాని డ్రైవరు ఆపలేదు. హారను మోగిస్తూ నెమ్మదిగా ముందుకు వచ్చి, అమ్మ మోకాళ్ళకు జానెడు దూరంలో నిలిపాడు. ఇంజను వేడి మా ముఖాలకు కొడుతోంది. అమ్మ కదలలేదు. కళ్ళు మూసుకుంది. పెదాలు మాత్రం ప్రార్థన చేస్తున్నట్టు కదులుతున్నాయి. అన్నయ్య ఎక్కడి నుంచి వచ్చాడో, లారీకీ అమ్మకూ మధ్య ఉన్న ఆ కాస్త చోటులో దూరి, బంపరుకు వీపు ఆనించి కూర్చున్నాడు.

మధ్యాహ్నానికి పాస్టరు గారు వచ్చారు. చెప్పులు పక్కన విడిచి, దుమ్ములోనే కూర్చున్నారు. కాంట్రాక్టరు మనిషి వచ్చి ఆయన ముందు నిలబడ్డాడు.

"గుడికి ఇసుక తీసుకున్నప్పుడు గుర్తు లేదా, అయ్యగారూ?"

"గుర్తుంది. అందుకే వచ్చాను" అన్నారాయన.

అలా చాలా రోజులు కూర్చున్నాం. పోలీసులు వచ్చి మాట్లాడి వెళ్ళారు. ఒక సాయంత్రం అన్నయ్య టౌను నుంచి సైకిలు మీద వస్తుంటే ఎవరో ఆపి కొట్టారు. కుడి చెయ్యి విరిగింది. దారిలో పడి ఉన్నవాణ్ణి సాయిబు గారు చూసి, తన మోపెడ్ మీద ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఎవరు కొట్టారో అన్నయ్యకు తెలుసని నా అనుమానం. ఎంత అడిగినా చెప్పలేదు. "చీకటి పడతంది, కనబళ్ళేదు" అనేవాడు.

కట్టు కట్టిన చేత్తో అతను మళ్ళీ వచ్చి కూర్చున్న రోజునే ఒక అధికారి జీపులో వచ్చాడు. కొత్తగా వచ్చిన మనిషి, వయసులో చిన్నవాడు. గట్టు అంచున నిలబడి కిందికి చూశాడు. కోత పడ్డ మట్టిలోంచి ఒక పెట్టె మూల బయటికి పొడుచుకుని ఉంది. అతను అదేంటని అడగబోయి, అర్థమై ఆగిపోయాడు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. ఆ వారంలోనే ర్యాంపు దారికి అడ్డంగా కందకం తవ్వించి మూసేశారు.

పేట కూర్చుని ఒక కట్టుబాటు చేసుకుంది. ఎవరి ఇంటికి కావలసిన ఇసుక వాళ్ళు తెచ్చుకోవచ్చు. ఎడ్లబండి మీదే, పారతోనే, వరద తెచ్చి వేసిన మేట మీంచే. గట్టు జోలికి, యంత్రం తోడిన గొయ్యి జోలికి పోకూడదు. వేసవిలో అసలు తీయకూడదు. అమ్మా వాళ్ళు గట్టు పొడుగునా రెల్లు, వట్టివేరు నాటారు, వెనక వెదురు పెట్టారు. కొత్త చర్చి గోడలు సగంలో ఆగిపోయి చాలాకాలం అలాగే ఉన్నాయి. పాత పెంకుల కింద వాన కారుతుంటే పాస్టరు గారు మళ్ళీ గొడుగు పట్టుకున్నారు.

ఆ గొయ్యి మాత్రం పూడలేదు. ఒక వర్షాకాలం వచ్చి పోయింది, ఇంకోటి వచ్చి పోయింది. పైనుంచి ఇసుక వస్తేనే కదా పూడడానికి. వేసవిలో కూడా అందులో పచ్చటి నీరు నిలిచి ఉండేది, కదలిక లేకుండా. పశువులు కూడా ఆ నీళ్ళు తాగేవి కావు. బోరు నీరు మాత్రం కొంచెం పైకి వచ్చింది. "ఈ ఏడు పైపు దింపక్కర్లేదక్కా" అని సాయిబు గారు చెప్పినప్పుడు అమ్మ ఆయనకు అన్నం పెట్టి పంపింది.

అన్నయ్య అచ్యుతాపురంలో కంపెనీలో చేరాడు. చెయ్యి సరిగ్గా అతుక్కోలేదు. బరువులు లేని పని ఇచ్చారు.

ఆ తరవాత ఒక రోజు ఎగువ ఊరి నుంచి ఒకావిడ అమ్మను వెతుక్కుంటూ వచ్చింది. మాకు తెలిసిన మనిషి కాదు. గుమ్మంలోనే నిలబడి, మంచినీళ్ళు కూడా తాగకుండా అడిగింది.

"అప్పా, మీ ఊర్లో ఎలగ ఆపేరు? మాకాడికి వొచ్చీసినారు. ఇక్కడ మూసీసినారు కదా, మాకాడ తెరిసీసినారు."

"గట్టు మీద ఏటుంది మీకు?" అంది అమ్మ.

"బడి ఉన్నాది."

అమ్మ చెప్పులు వేసుకుంది. నేనూ వెంట వెళ్ళాను. ఆటో దిగి ఏటి వారగా నడిచి వెళ్ళేసరికి మధ్యాహ్నమైంది. బడిలో పిల్లలు ఎక్కాలు వల్లిస్తున్నారు. కిటికీలోంచి టీచరు నన్ను చూసి తలూపింది. బడి వెనక, గట్టు అంచున, పసుపు రంగు యంత్రం నిలబెట్టి ఉంది. ఇంకా కిందికి దించలేదు. దాని ముందు పళ్ళు నేలకు ఆనించి ఉన్నాయి. డ్రైవరు నీడలో కూర్చుని క్యారేజీ విప్పి అన్నం తింటున్నాడు.

అమ్మ అతని దగ్గరికి వెళ్ళింది. "ఎప్పట్నించి నాన్నా పని?" అని అడిగింది.

అతను నోట్లో ముద్ద మింగి, ఎడమ చేత్తో మూతి తుడుచుకుని, పెద్దావిడ కదా అని లేచి నిలబడ్డాడు.

"రేపట్నుంచండి" అన్నాడు.